పదకొండో గడి

మత్స్యకారుల బీమా ఫారంలో
పదకొండో గడి: "రిస్కు స్వభావం".
సోమశిల రేవులో బోర్లించిన పుట్టి మీద కూచుని
నేను రాస్తున్నాను.
కుర్మయ్య వల చిక్కు తీస్తూ చెప్తున్నాడు
పేరు, తండ్రి పేరు, వలలెన్ని, అందులో చినిగినవెన్ని.
పదకొండు దగ్గర కలం ఆగింది.

"గదేం మాట మేడం, రిస్కు?"
"పానం మీదికొచ్చేది."
"పానమా, పనా?"
మళ్లీ వల్లో తల దూర్చాడు.

ఆ రాత్రి కొల్లాపురంలో నా అద్దె గదిలో
కరెంటు పోయింది.
ఫోన్లో మిగిలిన ఎనిమిది శాతం వెలుగులో
ఆ మాట పుట్టుక వెతికాను.
ఇంగ్లీషు వాళ్లు ఫ్రెంచి వాళ్ల దగ్గర తీసుకున్నారట,
వాళ్లేమో ఇటలీ ఓడబేరగాళ్ల దగ్గర.
అంతకు ముందు ఏ నోట పుట్టిందో
ఎవరూ ఒట్టేసి చెప్పడం లేదు.
నీళ్లకింద నక్కి ఓడ కడుపు చీల్చే రాయి అని ఒకరు.
కాదు, గ్రీకులో వేరు అని ఇంకొకరు,
కొండ సముద్రంలోకి దించిన వేరు.
అరబ్బీలో కూడా ఏదో ఉందన్న చోట
ఫోను చచ్చిపోయింది.

పొద్దున్నే చెప్పాను, నీళ్లకింద రాయి అని.
"గట్లనా? దా, చూపిస్త."

పుట్టి కాసేపు తన చుట్టూ తను తిరిగింది,
తర్వాత ఆయన తెడ్డు మాట విన్నది.
కృష్ణ ఆకుపచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉంది.
ఒడ్డున చింతచెట్టునీ ఎదుటి గుట్టనీ కంటితో కలిపి
అక్కడ ఆపాడు.
గడ దించాడు.
టక్కుమంది.

"మా గడప."

నేను పుట్టి అంచు గట్టిగా పట్టుకున్నాను.

"డ్యాం నీళ్లొచ్చిన యేడు నాకు పద్నాలుగేండ్లు.
తలుపులు పీక్కపోయినం, దూలాలు పీక్కపోయినం,
గడపరాయి లేవలే.
ఎండాకాలం నీళ్లు గుంజితే అరుగు పైకొస్తది,
అప్పుడు భయం లేదు, కండ్లకు కనవడ్తది.
జానెడు లోతున ఉన్నప్పుడే మోసం.
నిరుడు పుట్టి చినిగింది దీనికే.
మా ఇల్లే నన్ను కర్సింది మేడం."

నవ్వాడు. నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.
గడను ఇంకోసారి ఆనించి చూశాడు,
పడుకున్నవాళ్లను లేపకుండా తలుపు తట్టినట్టు.

ఒడ్డున ఖాజన్న తారు కాస్తున్నాడు.
మా మాటలు విని
"రిస్కా? మా అమ్మ నమాజయినంక రిజ్కు అడిగేది,
పైవాడు రాసిన బుక్కెడు బువ్వ.
నువ్వు సరిగ్గ విన్లేదేమో" అన్నాడు.
అరబ్బీ దగ్గర ఆగిపోయిన నా ఫోను గుర్తొచ్చింది.
చార్జి పెట్టుకున్నాక చూశాను,
అదీ ఉంది, ఆ అనుమానాల్లో ఒక అనుమానంగా.

ఇక మిగిలింది నామినీ వేలిముద్ర.
ఈదమ్మ చేయి కొంగులో దాచుకుంది.
"ఆయన మునిగితెనే పైసలొచ్చే కాయితం మీద
నేనేలు వెడ్తనా?"
కుర్మయ్య ఏమీ అనలేదు. ఖాజన్న కర్రతో తారు కలిపాడు.
ఎండ మోకాళ్ల దాకా వచ్చింది.

చేపలబుట్ట తూకానికి పోయి తిరిగొచ్చాక
తనే అడిగింది, ఎక్కడ పెట్టాలని.
నా సిరా డబ్బా ఎండిపోయి ఉంది.
చల్లారిన తారులో వేలు అద్ది
గట్టిగా, గడి దాటిపోయేట్టు అద్దింది.

పదకొండో గడిలో "ఇల్లు" అని రాశాను.
కొట్టేసి, "చేపల వేట" అని రాశాను.

ఇవాళ ఆఫీసు నుంచి ఫారం తిరిగొచ్చింది:
కొట్టివేతలు చెల్లవు, ముద్ర స్పష్టంగా లేదు.
కవరు విప్పితే ఇంకా తారు వాసన.
గురువారం మళ్లీ పోవాలి సోమశిలకు.
నీళ్లు జానెడు తగ్గి ఉంటాయి అప్పటికి.